బిడ్డలున్న యింట నిత్యదినము పర్వమగుట

శుభదినమనియు, అశుభదినమనియు కాలమును రెండుగా చీల్చుటను పన్నెండవ శతాబ్దమునందలి శరణులు అంగీకరింపలేదు. వారమును, తిథిని, నక్షత్రమును చూచుకొని లింగపూజకు పూనుకొనువాడు లింగముకంటె పంచాంగమునే పెద్దగా నెంచుచున్నాడని వారి భావము. ఇష్టలింగము ఎల్లవేళల దేహముమీదనే యుండగా మంచి గడియ వేరుగా ఎక్కడనుండి రావలయును? ఈ మాట వీరశైవ గృహములలో అందరు నెరిగినదే. కాని పసిబిడ్డలున్న యింట ఇదియే ఒక చిక్కు ప్రశ్న యగుచున్నది. అన్ని దినములును సమానములైనచో బిడ్డకు సంబరమెక్కడిది? ఉగాదికై, బసవ జయంతికై, తన పుట్టినరోజునకై వ్రేళ్లు మడచి లెక్కించు పసివానికి ఏమని చెప్పవలయును?

చాలమంది గృహస్థులు ఈ ప్రశ్నకు మాటతో గాక ఖర్చుతో సమాధాన మిచ్చుచున్నారు. నిత్యదినము చప్పనిది గనుక ఏడాదిలో కొన్ని దినములనైనను బిడ్డకు ఘనముగా జరుపవలయునని వారి తలంపు. ఫంక్షను హాలు కుదుర్చబడును. గోడలకు బుడగలు కట్టబడును. అట్టపెట్టెలోనుండి కేకు వచ్చును. బిడ్డను ఎత్తైన కుర్చీలో కూర్చుండబెట్టగా బంధువులు వరుసగా వచ్చి ఫోటోలు దిగి, బహుమతి పొట్లములు చేతికిచ్చి భోజనములకు పోవుదురు. దీపము వెలిగించుట మంగళమని నేర్పిన యిండ్లలోనే దీపమార్పుట వేడుక యైనది, అది అటుండనిండు. ఇంత సంబరములో ఆ బిడ్డ చేయవలసిన పని యేమని యడిగినచో, కొవ్వొత్తి నూదుట తప్ప మరేమియు లేదు. రాత్రి పదిగంటలకు అతడు తండ్రి భుజముపై నిద్రించుచుండును. మరునాడు పొట్లములు విప్పుటతో వేడుక ముగియును. ఆ పైన వచ్చు మూడువందల అరువదినాలుగు దినములు మునుపటికంటె మరింత చప్పగా తోచును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతమును వినని శరణ కుటుంబముండదు. కల్యాణమున నేలరాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. అవసరమునకు మించినది తమకేల యని లక్కమ్మ భర్తను నిలదీసి, మిగులును తెచ్చినచోటనే వేసి రమ్మని పంపెను. దీనిని దారిద్ర్యమును పొగడు కథగా చదువువారు కలరు. అది సరికాదు. ఆ యింట కొరత యున్నదని లక్కమ్మ యనలేదు. నాటి బియ్యము నాటికి చాలునని మాత్రమే యనినది. ఎక్కువైనది వచ్చి ఆ చాలిన దానిని కప్పివేయునని ఆమె భయము. పదునాలుగు ఆటబొమ్మల నడుమ కూర్చున్న బిడ్డ దేనితో ఆడవలయునో తోచక ఏడ్చుటను చూచినవారికి లక్కమ్మ భయము వెంటనే అర్థమగును.

అయినచో నిత్యదినమును పర్వము చేయు మార్గమేది? శరణుల పరిభాషలో అర్పణకు ముందున్నది పదార్థము. లింగమున కర్పితమైన పిదప అదియే ప్రసాదము. ఈ రెంటికి నడుమ వంటలో జరిగిన మార్పేమియు లేదు. నేయి ఒక చుక్కయైనను అధికముగా పడలేదు. పళ్లెము మారలేదు, పొయ్యి మారలేదు. ఒకరు ఇచ్చిరి, ఒకరు పుచ్చుకొనిరి; అంతే జరిగినది. సామాన్యమైన వస్తువు అసామాన్యమగుటకు వీరశైవము చూపిన మార్గమిది. ఇందులో ఇచ్చుటను గూర్చి ఉపన్యాసములు విరివిగా వినబడుచుండును. పుచ్చుకొనుటను గూర్చి ఎవరును అంతగా మాటలాడరు. పసిబిడ్డల విషయమున కీలకమంతయు ఆ రెండవదానిలోనే యున్నది.

పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దమున ద్విపదలో రచించిన బసవపురాణమున గొడగూచి యను బాలిక కథ కలదు. ఆమె తండ్రి శివభక్తుడు. దినదినము ఆలయమున శివునకు పాలు నివేదించు నియమము గలవాడు. ఒకమారు పొరుగూరికి పోవలసివచ్చి, తాను వచ్చువరకు దినము తప్పక స్వామికి పాలు ఆరగింపు చేయవలయునని కూతునకు చెప్పి వెళ్లెను. పిల్ల పాలు కాచి, భద్రముగా మోసికొనిపోయి లింగము ముందుంచినది. స్వామి త్రాగలేదు. పాలలో లోపమేమైన నున్నదా, తన వలన తప్పేమైన జరిగినదా యని ఆమె తల్లడిల్లినది. బ్రతిమాలినది. తండ్రి వచ్చి కోపించునని యేడ్చినది. చివరకు తల పగులగొట్టుకొనుటకు సిద్ధపడగా శివుడు ప్రత్యక్షమై ఆ పాలు త్రాగెను. అది మొదలు ప్రతిదినమును త్రాగుచుండెను. తండ్రి తిరిగివచ్చి పాలేమైనవని యడిగెను. స్వామి త్రాగెనని పిల్ల చెప్పగా అతడు నమ్మలేదు. తానే త్రాగి కల్లలాడుచున్నదని కోపించెను. ఆ కోపమునకు బెదరి ఆమె లింగమునే శరణుజొచ్చి అందులో నైక్యమయ్యెను.

ముగ్ధభక్తి మహిమకు ఉదాహరణముగా ఈ కథ శతాబ్దములుగా చెప్పబడుచున్నది. అది యుక్తమే. అయితే పసిబిడ్డలు గల తలిదండ్రులు ఇందలి తండ్రిని గూర్చి కొంత యాలోచింపవలసి యున్నది. అతడు దుర్మార్గుడు కాడు. నియమము తప్పనివాడు. అంతటి నియమపరుడును స్వామి నిజముగా త్రాగునని యెన్నడును ఎదురు చూడలేదు. తీసికొనిపోయిన పాలు తీసికొనిపోయినట్లే యుండుట అతనికి దుఃఖము కలిగింపలేదు. కూతురు మాత్రము తండ్రి నోటి మాటను అక్షరాలా గ్రహించినది. త్రాగించుమనినచో త్రాగించుటయే యని యామె యెరుగును. తండ్రి చెప్పిన మాటను బిడ్డ నమ్మినది. తాను చెప్పిన మాటను తండ్రియే నమ్మలేకపోయెను. నిత్యదినము చప్పబడుట యనగా ఇదియే. ఆ యింట పాలకు కొరత లేదు, పూజకు లోపము లేదు. పెద్దవాని చేతిలో పని మిగిలినది, అందలి ఎదురుచూపు పోయినది. బిడ్డ దానిని తిరిగి ఇంటికి తెచ్చెను. తెచ్చినదానిని అతడు పుచ్చుకొనలేకపోయెను.

ఆ బాలిక దేనికి ఏడ్చినదో మరియొకసారి చూడవలయును. తనకు ఏదియో దొరకలేదని ఆమె యేడ్వలేదు. తాను తెచ్చినది పుచ్చుకొనువాడు లేడని యేడ్చినది. పసిబిడ్డలకు కలుగు దుఃఖములలో పెద్దలు గుర్తింపనిది తరచుగా ఇదియే యగుచుండును.

జహీరాబాదు, నారాయణఖేడు, తాండూరు ప్రాంతముల యిండ్లలో జొన్నరొట్టె చేయుట నిత్యకృత్యము. వేడినీళ్లతో పిండి కలిపి, అరచేత నొత్తి ముద్ద చేసి, పొడిపిండి చల్లి, చేతితో తట్టి తట్టి చంద్రబింబమువలె పలుచగా చేసి పెనముమీద వేయుదురు. ఆ తట్టుడు చప్పుడు వినబడగానే మూడు నాలుగేండ్ల బిడ్డ ఎక్కడనున్నను వచ్చి పొయ్యి ప్రక్కన చేరును.

“అమ్మా, నాకో ముద్ద ఇయ్యవా?”

“పక్కకు జరుగు, చెయ్యి కాలుతది.”

ఇంతటితో ముగిసిన యిండ్లు కలవు. నిమ్మకాయంత ముద్ద చేతిలో పెట్టి, పెనమునకు దూరముగా కూర్చుండబెట్టిన యిండ్లును కలవు. ఆ రెండవ యింట ఏమి జరుగునో చూడవలయును. బిడ్డ తట్టినపుడు ముద్ద అంచులు పగులును. పిండి నేలపాలగును, మోకాళ్లకంటును. పావుగంట సేపు శ్రమపడినమీదట అరచేయంత రొట్టె యొకటి తయారగును. ఒకవైపు మందము, ఒకవైపు చిల్లు. తల్లి దానిని అదే పెనముమీద వేసి కాల్చును. ఆ పిదప జరుగునది ముఖ్యము. ఆ రొట్టె ఏమగును? కొందరు దానిని బిడ్డ చేతికే ఆటవస్తువుగా ఇచ్చివేయుదురు. కొందరు బిడ్డ చూడనపుడు ఆవుదాణాలో వేయుదురు. మరికొందరు దానిని తక్కిన రొట్టెలతో పాటు పళ్లెములో నుంచి లింగమున కర్పించి, తండ్రి భోజనమునకు కూర్చున్నపుడు మొదట అదియే వడ్డింతురు.

“ఇది ఎవరు చేసిన్రు?”

“నేనే!”

తండ్రి దానిని విరిచి కూరలో నద్దుకొని తినును. ఉడకని చోటున పిండి పండ్లకంటును. అయినను తినును. బిడ్డ ఎదురుగా కూర్చుండి, చివరి తునక నోటిలోనికి పోవువరకు రెప్ప వేయక చూచుచుండును. ఆ దినము ఏ పంచాంగమునను పర్వము కాదు. ఖర్చు గుప్పెడు పిండి. దాచి పారవేసిన రొట్టెను మరునాడు ఆవుతొట్టిలో చూచిన బిడ్డ మొగము ఏ రీతిగా నుండునో, అది మాత్రము గొడగూచి మొదటిదినపు మొగము.

ఇచ్చట ఒక పొరపాటునకు తావున్నది. నేటి యిండ్లలో చిన్న రొట్టె తయారు కాగానే సెల్‌ఫోను బయటికి వచ్చును. రొట్టెను, బిడ్డను, బిడ్డ నడ్డుకొన్న పిండిని నాలుగు దిక్కుల ఫోటో తీసి నలువదిమంది బంధువులకు పంపుదురు. పొగడ్తలు వచ్చి పడును. వాటిని బిడ్డకు చదివి వినిపింతురు. ఈలోగా రొట్టె చల్లారి అట్టవలె బిగియును, దానిని తినినవాడుండడు. పొగడుట వేరు, పుచ్చుకొనుట వేరు. బిడ్డకు ఈ భేదము మాటలలో తెలియకపోవచ్చును, కడుపులో తెలియును. పొగడ్తకు అలవడిన బిడ్డ మరునాడు రొట్టె చేయుటకంటె ముందు ఫోను వైపు చూచును.

పుచ్చుకొనుట యనగా బిడ్డ కోరినదెల్ల ఇచ్చుటయు కాదు. పాలగ్లాసును నేలపై గుమ్మరించి నవ్వు బిడ్డ ఏమియు అర్పించుట లేదు. వానికి గుడ్డ ఇచ్చి నేల తుడిపించుట ధర్మము. అలిగి బొమ్మ కోరుట యొకటి, “ఇది నీకు” అని చేయి చాచుట యొకటి. రెంటిని ఒకేగాట కట్టి రెంటికి లొంగు తండ్రియు, రెంటిని కసరు తండ్రియు బిడ్డను చూచుట లేదనియే చెప్పవలయును.

ఇంతకంటె గట్టి ఆక్షేపణ కాయకమును బట్టి వచ్చును. కాయకమున నిమగ్నుడైనవాడు గురుదర్శనమునైనను, లింగపూజనైనను మరువవచ్చునని శరణులు చెప్పియున్నారు. ఉదయము ఆరుగంటలకు కిరాణా దుకాణము తెరచి రాత్రి తొమ్మిదింటికి మూయువాడు, నగరమున రెండు బస్సులు మారి ఉద్యోగమునకు పోవు తల్లి, పత్తిచేనులో దినమంతయు వంగిన రైతు, వీరికి బిడ్డ రొట్టె తట్టుచుండగా పావుగంట కూర్చుండు తీరికయెక్కడిది? కాయకమే కైలాసమైనచో బిడ్డతో కూర్చుండుట కాయకమునకు ద్రోహము కాదా?

ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. అలసిన మనిషికి నీతి చెప్పుట సులభము, అలసట తీర్చుట కష్టము. కాని శరణుల కాయకము ఇల్లు విడిచిన కాయకము కాదని గమనింపవలయును. మేదర కేతయ్య బుట్టలల్లెను. మడివాళ మాచయ్య బట్టలుదికెను. మారయ్య తెచ్చిన బియ్యమును లక్కమ్మ తూచి చూచెను. వెదురు చీల్చువాని బిడ్డ ఆ వెదురు పేళ్ల నడుమనే పెరుగును. తండ్రి ఏమి చేయునో వానికి ఒకరు చెప్పనక్కరలేదు. నేటి కాయకము అట్లు కనబడదు. అది గాజుతలుపుల వెనుక, కంప్యూటరు తెరమీద, ఊరి కవతల జరుగును. బిడ్డకు తెలిసినదొక్కటే: తండ్రి వెళ్లును, తండ్రి వచ్చును. కాయకము బిడ్డను దూరము చేసినదనుట కంటె, కాయకమే బిడ్డకు మరుగైనదనుట యుక్తము.

మరుగైనదానిని కొంతవరకు ఇంటికి తేవచ్చును. దుకాణదారుడు నాటి గల్లాలోని చిల్లరను చాపమీద పోసినచో ఐదేండ్ల పిల్ల పదిరూపాయల నాణెములను ఒకవైపు, ఐదురూపాయలను ఒకవైపు చేర్చును. లెక్క తప్పును, తండ్రి మరల చూచుకొనవలసి వచ్చును. రైతు పత్తి కాయనొకదానిని జేబులో వేసికొని తెచ్చి, బిడ్డచేత విప్పించి గింజలు లెక్కింపజేయవచ్చును. బస్సులో తిరుగు తల్లి ఆనాటి టిక్కెట్టును బిడ్డకిచ్చి అందలి అంకెలు చదివింపవచ్చును. దీనికి పట్టుకాలము పదినిమిషములు. అయితే ఆ పదినిమిషములు తొందరలేనివి కావలయును. బిడ్డచేత చాకిరి చేయించుకొనుటకును, బిడ్డకు పనిలో పాలిచ్చుటకును భేదమున్నది. దాని గురుతు సులభము. బిడ్డ రానినాడు ఆ పని ఆగిపోయినచో అది చాకిరి. ఆగనిచో అది పాలు.

మరియొక మాటయు నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. “ఇంటిలో ప్రతిదినము పర్వముగా నుండవలయును” అని పురుషులు సభలలో చెప్పునపుడు దాని బరువు స్త్రీల నెత్తినే పడుచున్నది. పిండి చల్లునది బిడ్డ, ఊడ్చునది తల్లి. పది రొట్టెలు చేయవలసిన తల్లికి పదునొకండవదానిని తగిలించుట ఆమెకు పర్వము కాబోదు. పదింటిలో ఒకటి బిడ్డదైన చాలును. అదియు ప్రతిపూట కానక్కరలేదు. పిండి ఊడ్చుట తండ్రి పని కావచ్చును. కాయకమున స్త్రీపురుష భేదము లేదని చెప్పిన సమాజమున చీపురునకు భేదముండరాదు. ఊడ్చు కాయకము చేసిన సత్యక్కకు శరణులలో స్థానము లభించినది గదా. ఇక జొన్నపిండియే లేని యింటికి ఈ మాటలేవియు వర్తింపవు. అచ్చటికి ముందుగా పోవలసినది దాసోహము, ఉపన్యాసము కాదు.

బసవపురాణముననే బెజ్జమహాదేవి యను భక్తురాలు కలదు. శివునకు తల్లి లేదు గనుకనే జడలు కట్టి, పాములను చుట్టుకొని, విషము మ్రింగి తిరుగుచున్నాడని జాలిపడి, తానే తల్లియై లింగమును పసిబిడ్డగా పెంచిన మహాసాధ్వి ఆమె. స్నానము చేయించుట, ఒడలు తుడుచుట, పాలు పట్టుట మున్నగు తల్లిపనులను సోమనాథుడు ఎంతో ప్రీతితో వర్ణించెను. ప్రతి యింట ప్రతి ఉదయము జరుగు బిడ్డ నీళ్లాట కావ్యమునకు తగిన వస్తువని ఆ మహాకవి యెంచెను. బెజ్జమహాదేవి దేవుని బిడ్డను చేసినది. ఎత్తైన కుర్చీలో కూర్చుండబెట్టి కానుకలు సమర్పించు నేటివారు బిడ్డను దేవుని చేయుచున్నారు. ఈ రెండును ఒకటిగా తోచవచ్చును గాని కావు. పీఠముమీద కూర్చున్నవానికి ఇచ్చుటకేమియు నుండదు. వాడు అందరి చేతుల వైపు చూచుచుండును. వడ్డించు వరుసలో నిలుచున్న బిడ్డకు తన చేతిలో నేదో యున్నది.

ఇంత చిన్న బిడ్డకు అర్పణ యేమి తెలియునని పెద్దలు కొందరు నవ్వుదురు. వీరశైవ సంప్రదాయము ఆ ప్రశ్నకు ఏనాడో సమాధానము చెప్పినది. కన్నులైనను సరిగా తెరవని శిశువునకు గురువు లింగధారణ చేయును. వానికి మంత్రము తెలియదు, ఆచారము తెలియదు, తన పేరే తెలియదు. తెలిసినపిదప కట్టుదమని ఎవరును ఆగలేదు. పవిత్రమైన దినములు పెద్దవాడైనపుడు వచ్చుననియు, అంతవరకు గడచునది వట్టి కాలమనియు భావించినచో ఈ ఆచారమే పుట్టియుండదు. ఊయలలోని దినము, పూజపీట ముందరి దినము ఒకే దినమని ఆ శివదారము చెప్పుచున్నది.

మఠములలో దాసోహము జరుగునపుడు పిల్లలను మొదటి పంక్తిలో కూర్చుండబెట్టి త్వరగా తినిపించి పంపుట వాడుక. అది దయతో చేయునదే. వారు ఆకలికి ఓర్వలేరు, పెద్దల కాళ్లకడ్డము వత్తురు. వారి భోజనమైన పిదప ఒక్క పని వారికి విడిచిపెట్టవచ్చును. సాంబారు వేడిది, బకెట్టు బరువైనది, అన్నపు పళ్లెము చేతికందదు. ఉప్పు మిగులును. చిన్న గిన్నెలో ఉప్పు పోసి ఆరేండ్ల పిల్లకిచ్చి రెండవ పంక్తి మొదట నిలిపినచో, ఆమె ప్రతి విస్తరి యొద్ద వంగి రెండు వ్రేళ్లతో చిటికెడు తీసి మూలలో పెట్టుచు సాగును. ఒకరికి ఎక్కువ పడును, ఒకరికి నాలుగు గింజలే పడును. ఒకరి విస్తరి దాటిపోయి మరల వెనుకకు వచ్చును. పంక్తి చివరనున్న స్వామివారు అప్పటికే భోజనమున సగమునకు వచ్చియుందురు, వారికి ఉప్పుతో పనియుండదు. పిల్ల వచ్చి ఎదుట నిలుచును. వారు అన్నమును కొంత ప్రక్కకు జరిపి విస్తరిలో చోటు చేయుదురు.